గుండెకు స్టెంట్ వేయించేటప్పుడు కిడ్నీలు దెబ్బతినకుండా: రోగి వెంట వచ్చినవాళ్లు చేయాల్సిన పనులు

విశాఖపట్నంలో ఒక క్యాత్ ల్యాబ్‌లో, అంటే మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచి స్టెంట్ అనే చిన్న జాలీ గొట్టం వేసే గదిలో, నేను స్టాఫ్ నర్సుని. మాది సోంపేట పక్క ఊరు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం నుంచి గుండెపోటుతో ఎవరొచ్చినా, నా యాస విని వాళ్ల మనుషులు నా దగ్గరికే వచ్చి నిలబడతారు. రక్తనాళాలు కనబడడానికి మేము ఎక్కించే డై (రంగు మందు) గురించి వాళ్లు అడిగేది ఒకటే. "సిస్టరమ్మా, ఆ డై ఎక్కిస్తే కిడ్నీలు పోతాయట గదా, ఏటి చెయ్యమంటావు?"

కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో డయాలసిస్ అంటే ఏమిటో పిల్లలకి కూడా తెలుసు. అక్కడి మనిషి కిడ్నీల గురించి భయపడితే తప్పుపట్టలేం. ఆ భయంతో సంతకం పెట్టకుండా ఊళ్లో పెద్దలకి ఫోన్లు చేస్తూ గంట గడిపేస్తేనే ప్రమాదం. ఆ గంటలో గుండె కండరం చచ్చిపోతుంది. గుండె బలహీనపడితే కిడ్నీలకి రక్తం అందదు. ఏ కిడ్నీల కోసం ఆగారో అవే ముందు దెబ్బతింటాయి.

అందుకే మొదటి మాటగా చెప్తున్నాను. గుండెపోటు వచ్చిన మనిషి కిడ్నీలకి అన్నిటికన్నా పెద్ద రక్షణ, మూసుకుపోయిన రక్తనాళాన్ని వీలైనంత త్వరగా తెరవడం. కింద నేను చెప్పే జాగ్రత్తల్లో ఏ ఒక్కటీ దాన్ని ఆలస్యం చేయకూడదు. అన్నీ దాని పక్కనే, దానితోపాటే జరగాలి.

అసలు కిడ్నీకి దెబ్బ ఎక్కడ తగులుతుంది

గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. అంత రక్తం వచ్చినా, కిడ్నీ లోపలి భాగానికి మామూలు రోజుల్లో కూడా ఆక్సిజన్ బొటాబొటిగానే అందుతుంది. గుండెపోటులో బీపీ పడిపోతే ఆ బొటాబొటి కూడా ఉండదు. సరిగ్గా ఆ సమయంలోనే మేము యాంజియోగ్రామ్ కోసం అయోడిన్ ఉన్న డై ఎక్కిస్తాం. ఎక్స్‌రేలో రక్తనాళం కనబడాలంటే అది తప్పదు. ఆ డై కిడ్నీలోని సన్నని రక్తనాళాలను కాసేపు ముడుచుకునేలా చేస్తుంది. మూత్రం తయారయ్యే సన్నని గొట్టాల గోడలను నేరుగా కూడా కొంత గాయపరుస్తుంది.

అయితే నేరమంతా డై మీద వేయడం న్యాయం కాదు. పడిపోయిన బీపీ, గుండె నీరసించి ఊపిరితిత్తుల్లో చేరిన నీరు, రక్తస్రావం, ముందునుంచీ ఉన్న రక్తహీనత, అదుపులో లేని షుగరు, వచ్చేముందు ఎవరో వేసిన నొప్పి ఇంజెక్షను, అన్నీ కలిసే దెబ్బ తీస్తాయి. వయసు 75 దాటినవాళ్లకి, షుగరు ఉన్నవాళ్లకి, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, అవి మందగిస్తే పెరుగుతుంది) ముందే 1.5 పైన ఉన్నవాళ్లకి, షాక్‌లోకి (బీపీ బాగా పడిపోయి అవయవాలకి రక్తం అందని స్థితిలోకి) వెళ్లినవాళ్లకి ప్రమాదం ఎక్కువ. ఇవేవీ లేని నడివయసు మనిషికి మామూలు మోతాదు డై వల్ల పెద్ద నష్టం జరగడం అరుదు.

దెబ్బ తగిలినా అది ఆ రోజే కనబడదు. క్రియాటినిన్ ఒకటి రెండు రోజుల్లో పెరగడం మొదలై, మూడు నుంచి ఐదు రోజుల మధ్య ఎక్కువకి చేరి, చాలామందిలో ఒకటి రెండు వారాల్లో దిగివస్తుంది. డయాలసిస్ దాకా వెళ్లేవాళ్లు కొద్దిమందే. ముందునుంచీ కిడ్నీలు బాగా పాడైనవాళ్లు, షాక్‌లోకి వెళ్లినవాళ్లు ఆ కొద్దిమందిలో ఎక్కువ.

ఇంట్లో నొప్పి మొదలైనప్పుడు

ఛాతీ బరువుగా ఉంది, ఎడమ చెయ్యి లాగుతోంది, చెమటలు పడుతున్నాయి అంటే మన ఊళ్లలో ముందు వచ్చే మాట "గ్యాస్". తర్వాత వచ్చేది వీధి చివరి డాక్టరు వేసే ఇంజెక్షను. అందులో చాలాసార్లు డైక్లోఫెనాక్ ఉంటుంది. కిడ్నీకి రక్తం తగ్గినప్పుడు, దాని రక్తనాళాలను తెరిచి ఉంచడానికి శరీరం కొన్ని పదార్థాలను తయారుచేసుకుంటుంది. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు సరిగ్గా వాటినే ఆపేస్తాయి. గుండెకీ అవి మంచివి కావు. కాబట్టి ఛాతీ నొప్పికి నొప్పి ఇంజెక్షను వేయించకండి. ఈసీజీ తీసే చోటుకి వెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి.

బయలుదేరేముందు ఒక్క నిమిషంలో అయ్యే పని ఇంకొకటి ఉంది. ఇంట్లో రోగి వాడే మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకోండి. పాత రక్తపరీక్ష కాగితాలు ఎక్కడున్నాయో తెలిస్తే అవీ వేసుకోండి. దొరక్కపోతే వెతుకుతూ కూర్చోవద్దు. వెనక ఇంట్లో ఉండిపోయినవాళ్లు ఫోటో తీసి ఫోన్లో పంపొచ్చు. "షుగరు మాత్ర, తెల్లగా ఉంటుంది" అంటే మాకు ఏమీ తెలియదు. షుగరు మాత్రల్లో చాలావాటిలో మెట్‌ఫార్మిన్ కలిసి ఉంటుంది, ఆ సంగతి వాడేవాళ్లకే తెలియదు. బీపీ మాత్రల్లో కొన్నిటిలో మూత్రం ఎక్కువ చేసే మందు కలిసి ఉంటుంది. అట్ట చూస్తే క్షణంలో తేలిపోతుంది.

"ఎలాగూ డై ఎక్కిస్తారు గదా" అని దారిలో చెంబుల కొద్దీ నీళ్లు తాగించేవాళ్లను చూశాను. వద్దు. గుండె సరిగా కొట్టనప్పుడు ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి చేరతాయి, వాంతి అయితే ఇంకో ప్రమాదం. ఎంత ద్రవం కావాలో ఆసుపత్రిలో లెక్క ప్రకారం సెలైన్‌గా ఎక్కిస్తారు.

క్యాజువాలిటీలో చెప్పాల్సిన మాట

అక్కడ మీకు దొరికేది అర నిమిషం. డ్యూటీ డాక్టరు ఈసీజీ చూస్తూ ప్రశ్నలు వేస్తాడు, నర్సు చేతికి సూది పెడుతుంటుంది, ఇంకొకరు సంతకాలు అడుగుతుంటారు. ఆ గడబిడలో కిడ్నీ సంగతి మర్చిపోతారు. కుటుంబంలో ఒక్కరే మాట్లాడండి, ఇలా చెప్పండి:

"మా నాన్నకి 64 ఏళ్లు, బరువు 55 కిలోలు ఉంటారు. పొద్దున్న 6 గంటలకి నొప్పి మొదలైంది. షుగరు 10 ఏళ్లనుంచి ఉంది, మాత్రలు ఇవిగో. పోయిన సంక్రాంతికి క్రియాటినిన్ 1.8 ఉందన్నారు. మోకాళ్ల నొప్పికి రోజూ మాత్ర వేసుకుంటారు. నిన్న రాత్రి ఒక ఇంజెక్షను వేయించాం. మాది కవిటి."

ఆ ఆఖరి మాట ఎందుకంటే, ఉద్దానంలో వచ్చే కిడ్నీ జబ్బు చాలామందిలో మౌనంగా ఉంటుంది. కాళ్ల వాపు ఉండదు, మొదట్లో బీపీ పెరగదు, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. మూత్రపరీక్ష బాగుందని ధైర్యంగా ఉన్న మనిషి రక్తంలో క్రియాటినిన్ మూడు దాటి ఉండొచ్చు. పొలంలో, జీడి తోటలో పనిచేసుకుంటూ తిరిగే మనిషిని చూసి ఎవరికీ అనుమానం రాదు. మీ ఊరి పేరు చెబితే డాక్టరు ముందే జాగ్రత్తపడతాడు.

కిడ్నీ సంగతి దాచేవాళ్లూ ఉంటారు. చెబితే స్టెంట్ వేయరేమో, పెద్ద ఊరికి పంపేస్తారేమో అని. దయచేసి దాచకండి. తెలిస్తే డై తగ్గించి వాడతాం, మందుల మోతాదు మార్చుకుంటాం. రక్తం పలచబడడానికి ఇచ్చే ఎనాక్సాపారిన్ లాంటి ఇంజెక్షన్లు కిడ్నీ నుంచే బయటికి పోవాలి. కిడ్నీ పాడైన మనిషికి మామూలు మోతాదు ఇస్తే అవి ఒంట్లో పేరుకుని రక్తస్రావం అవుతుంది, రక్తం పోతే కిడ్నీకి మళ్లీ దెబ్బ. బరువు చెప్పమన్నది కూడా ఇందుకే.

రిపోర్టు కోసం ఆగాలా?

ఇక్కడ రెండు దారులు ఉన్నాయి. ఏ దారిలో ఉన్నారో డాక్టరుని అడిగి తెలుసుకోండి.

ఈసీజీలో పెద్ద గుండెపోటు కనబడి, వెంటనే యాంజియోప్లాస్టీ (బెలూన్‌తో నాళం తెరిచి స్టెంట్ వేయడం) చేసే చోట ఉంటే, క్రియాటినిన్ రిపోర్టు కోసం ఆగకూడదు. ఆసుపత్రిలో అడుగుపెట్టినప్పటి నుంచి 90 నిమిషాల్లోపు రక్తనాళం తెరవాలన్నది మా లక్ష్యం. రక్తం తీసి ల్యాబ్‌కి పంపుతాం, రిపోర్టు మధ్యలోనో తర్వాతో వస్తుంది. "రిపోర్టు వచ్చాకే సంతకం పెడతాం" అనకండి.

రెండో దారి మా ప్రాంతం వాళ్లది. సోంపేట, ఇచ్ఛాపురం నుంచి విశాఖ 200 కిలోమీటర్లు దాటుతుంది. రెండు గంటల్లోపు స్టెంట్ వేసే చోటుకి చేరలేమనుకుంటే, దగ్గరి ఆసుపత్రిలోనే గడ్డ కరిగించే ఇంజెక్షను ఇస్తారు. టెనెక్టెప్లేస్ లేదా స్ట్రెప్టోకైనేస్. నొప్పి మొదలైన తర్వాత ఎంత త్వరగా ఇస్తే అంత మేలు, 12 గంటలు దాటితే ఉపయోగం బాగా తగ్గిపోతుంది. దాంతో గడ్డ కరిగి నొప్పి తగ్గితే, తర్వాత 3 నుంచి 24 గంటల మధ్య యాంజియోగ్రామ్ చేస్తారు.

కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకి ఈ వ్యవధి బంగారం లాంటిది. ఈలోపు క్రియాటినిన్ రిపోర్టు వస్తుంది, ఎకో (గుండె స్కాన్) తీయొచ్చు, సెలైన్ ముందే మొదలుపెట్టొచ్చు. ఆ సమయాన్ని బెడ్డు కోసం, ఆరోగ్య పథకం కార్డు పనుల కోసం తిరగడంలోనే ఖర్చు చేయకుండా, "క్రియాటినిన్ వచ్చిందా, సెలైన్ మొదలైందా" అని నర్సుని అడగండి. ఇంజెక్షనుతో నొప్పి తగ్గకపోతే మాత్రం వ్యవధి లేనట్టే, వెంటనే క్యాత్ ల్యాబ్‌కి వెళ్లాలి.

క్రియాటినిన్ 1.2 అంటే బాగున్నట్టేనా

రిపోర్టు చేతికి వచ్చాక చాలామంది ఆ ఒక్క అంకె చూసి ఊరుకుంటారు. 30 ఏళ్ల కుర్రాడికి 1.2 ఉంటే అతని కిడ్నీ వడపోత నిమిషానికి సుమారు 83 మిల్లీలీటర్లు. అదే 1.2 ఉన్న 70 ఏళ్ల అమ్మమ్మ కిడ్నీ వడపోత సుమారు 49. కుర్రాడిది దాదాపు మామూలే, అమ్మమ్మది సగం పోయింది. కాగితం మీద అంకె మాత్రం ఒకటే. కండ తక్కువ ఉన్న ముసలివాళ్లలో క్రియాటినిన్ తక్కువగానే కనబడి మనల్ని మోసం చేస్తుంది. అందుకే రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ అని ఉండే ఈ వడపోత అంకెని చూడండి. లేకపోతే డాక్టరునో ల్యాబ్‌వాళ్లనో లెక్కకట్టి చెప్పమనండి. 60 కన్నా తక్కువైతే జాగ్రత్త పెరగాలి, 30 కన్నా తక్కువైతే కిడ్నీ డాక్టరుకి కూడా కబురు వెళ్లాలి.

డై ఎంతవరకు వాడొచ్చో లెక్క కూడా ఈ అంకె మీదే నడుస్తుంది. డై మిల్లీలీటర్లు ఈజీఎఫ్ఆర్‌కి మూడు రెట్లు దాటకుండా చూసుకుంటాం, వీలైతే రెండు రెట్ల దగ్గరే ఆపుతాం. పైన చెప్పిన అమ్మమ్మకి అది 98కీ 147కీ మధ్య. స్టెంట్ వేసే కేసుల్లో 100 నుంచి 200 మిల్లీలీటర్ల దాకా వాడడం మామూలే కాబట్టి, ఆమె విషయంలో ప్రతి ఇంజెక్షనూ లెక్కపెట్టుకోవాలి. మా ల్యాబ్‌లో ఇలాంటి కేసులో పక్కన నిలబడి "సార్, 60 అయింది... 80 అయింది" అని పైకి చెప్పడం నా పని. డాక్టర్లు ఆ మాట విని చెయ్యి ఆపుకోవడం కళ్లారా చూస్తుంటాను. ఈ చిన్న పనిమీద నాకు చాలా నమ్మకం.

డాక్టరుని అడగదగ్గ ప్రశ్నలు

అడగడానికి భయపడొద్దు, ఆరోపణలాగా కూడా అడగొద్దు. "సార్, మావాళ్లకి కిడ్నీ కొంచెం వీక్. డై తక్కువలో అయ్యేలా చూడగలరా?" అంటే ఏ డాక్టరూ కోప్పడరు. గుండె పంపింగ్ ఎకోలో చూసుకుంటే, డై ఎక్కించి గుండె గదిని ఫోటో తీయాల్సిన పని తప్పుతుంది. చేతి మణికట్టు దగ్గర నుంచి చేస్తే తొడ నుంచి చేసినదానికన్నా రక్తస్రావం తక్కువ. మ్యాట్రిక్స్ అనే పెద్ద పరిశోధనలో, చేతి నుంచి చేసినవాళ్లకి కిడ్నీ దెబ్బ కూడా కొంత తక్కువగా కనిపించింది. షాక్‌లో ఉన్న మనిషికో, చేతి నాళం సన్నగా ఉన్నవాళ్లకో తొడ నుంచి చేయక తప్పకపోవచ్చు. ఆ నిర్ణయం వాళ్లకే వదిలేయండి.

ఇంటివాళ్ల మాట వల్లే కిడ్నీకి నష్టం జరిగే చోటు ఒకటుంది. యాంజియోగ్రామ్‌లో మూడు నాళాల్లో బ్లాకులు కనబడతాయి. గుండెపోటు తెచ్చింది అందులో ఒకటే. డాక్టరు బయటికి వచ్చి "ముందు దాన్ని తెరుస్తాను, మిగతావి తర్వాత చూద్దాం" అంటాడు. ఇంటివాళ్లు "మళ్లీ మళ్లీ రాలేం సార్, దూరాభారం, ఒకేసారి అన్నీ చేసేయండి" అంటారు. దారి ఖర్చులు, పని దినాలు, కార్డు మంజూరు, వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ అన్నీ ఒకేసారి చేస్తే డై రెండింతలు, మూడింతలు అవుతుంది. బీపీ పడిపోయి షాక్‌లో ఉన్న మనిషికైతే గుండెపోటు తెచ్చిన నాళం ఒక్కటే తెరవడం మేలని 2017లో వచ్చిన కల్ప్రిట్-షాక్ పరిశోధన తేల్చింది. అన్నీ ఒకేసారి చేసినవాళ్లలో మరణమో డయాలసిస్ అవసరమో ఎక్కువమందికి వచ్చింది. మిగతా నాళాలను కిడ్నీ కుదుటపడ్డాక, కొన్ని వారాల్లోపు వచ్చి చేయించుకోవచ్చు. ఆ మాట డాక్టరు చెప్తే ఒప్పుకోండి, తేదీ రాయించుకోండి, ఆ తేదీకి తప్పకుండా రండి.

అయిపోయాక ఒక ప్రశ్న: "డై ఎంత పట్టింది సార్?" ఆ అంకె డిశ్చార్జి కాగితంలో రాయమనండి. రాబోయే వారంలో మళ్లీ సీటీ స్కాన్ లాంటిది అవసరమైతే ఆ డాక్టరుకి అది పనికొస్తుంది. మొదటి రెండు మూడు రోజుల్లో మరోసారి డై ఎక్కకుండా, ప్రాణావసరం లేకపోతే, వాయిదా వేయించండి.

సెలైన్: ఎవరికి, ఎంత

డై నుంచి కిడ్నీని కాపాడడానికి ఇప్పటిదాకా గట్టిగా నిలబడిన మందు మామూలు సెలైనే. ముందుగా అనుకుని చేసే కేసుల్లో కిలో బరువుకి గంటకి 1 మిల్లీలీటరు చొప్పున, ముందు 12 గంటలు, తర్వాత 12 గంటలు ఎక్కించడం పాత పద్ధతి. 60 కిలోల మనిషికి గంటకి 60 మిల్లీలీటర్లు. గుండె పంపింగ్ బాగా తగ్గినవాళ్లకి అందులో సగం. గుండెపోటులో ముందు 12 గంటలు ఎక్కడినుంచి వస్తాయి? అందుకే క్యాత్ ల్యాబ్‌కి వెళ్లేటప్పుడే మొదలుపెట్టి, తర్వాత కొనసాగిస్తారు. కొన్నిచోట్ల గుండె లోపలి ఒత్తిడి కొలిచి, దాన్నిబట్టి వేగం పెంచడమో తగ్గించడమో చేస్తారు.

కానీ ఆయాసపడుతూ, పడుకోలేక కూర్చుని ఊపిరి పీల్చే మనిషికి సెలైన్ ప్రాణం మీదికి తెస్తుంది. వాళ్లకి నీరు తీసేసే లాసిక్స్ ఇవ్వాల్సి ఉంటుంది. పక్క మంచం వాళ్లకి సెలైన్ పెట్టారు, మావాళ్లకి పెట్టలేదని గొడవపడకండి. "ఊపిరితిత్తుల్లో నీరు ఉందా సార్?" అని అడగండి, జవాబు అందులోనే ఉంటుంది. సెలైన్ వేగం తిప్పే చక్రం మీద మాత్రం మీరు చెయ్యి వేయొద్దు. తొందరగా అయిపోతే ఇంటికి పంపేస్తారని తిప్పేవాళ్లు ఉన్నారు.

ఎసిటైల్ సిస్టీన్ మాత్రలు, సోడా బైకార్బొనేట్ సెలైన్ ఒకప్పుడు విరివిగా ఇచ్చేవాళ్లం. 2018లో వచ్చిన ప్రిజర్వ్ అనే పరిశోధనలో దాదాపు 5,000 మందిలో చూస్తే వాటివల్ల ప్రత్యేకంగా లాభం కనబడలేదు. కాబట్టి మీ డాక్టరు అవి రాయలేదని కంగారుపడి బయట షాపులో కొనుక్కురానక్కర్లేదు. డై ఎక్కాక ముందుజాగ్రత్తగా డయాలసిస్ చేయించడం వల్ల కూడా కిడ్నీకి రక్షణ లేదు. గుండె కోసం మొదటి రోజే ఇచ్చే పెద్ద మోతాదు కొలెస్ట్రాల్ మాత్ర, అటార్వాస్టాటిన్ లాంటిది, మానకండి. గుండెపోటు రోగుల్లో కిడ్నీకి కూడా మేలు చేసిన సూచనలు దానికి ఉన్నాయి.

మూత్రం లెక్క

ఐసీయూలో ఉన్నంతసేపు మూత్రం లెక్క నర్సులే రాస్తారు. వార్డుకి వచ్చాక ఆ లెక్క జారిపోతుంది. రోగి బాత్రూంకి నడిచి వెళ్తాడు, ఎంత పోసిందీ ఎవరికీ తెలియదు. కిడ్నీ దెబ్బ మొదట తెలిసేది ఆ రోజుల్లోనే. అంచేత ఒక కొలత సీసా తెచ్చుకోండి, మందుల షాపుల్లో దొరుకుతుంది. నీళ్ల సీసా మీద గీతలు గీసినా చాలు. ఒక కాగితం మీద మూడు గడులు: సమయం, మూత్రం ఎంత, తాగింది ఎంత.

కిలో బరువుకి గంటకి అర మిల్లీలీటరు కన్నా తగ్గితే ఆలోచించాలి. 60 కిలోల మనిషికి గంటకి 30 మిల్లీలీటర్లు, అంటే ఆరు గంటల్లో 180. ఆరు గంటలు గడిచినా అంత రాకపోతే, పొద్దున్న రౌండ్స్ దాకా ఆగకుండా వెంటనే నర్సుకి కాగితం చూపించండి. ఒకోసారి కిడ్నీ బాగానే ఉండి, మూత్రం మూత్రాశయంలోనే నిలిచిపోతుంది, ముఖ్యంగా ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పెద్దవాళ్లకి. పొత్తికడుపు ఉబ్బి ఉంటే ఆ మాట కూడా చెప్పండి. ఒక కూతురు రాసి తెచ్చిన ఇలాంటి కాగితం చూసి మా డాక్టరు రాత్రికి రాత్రే మందులు మార్చిన సందర్భం ఉంది. చదువు లేకపోయినా గీతలు గీసి లెక్కపెట్టినా సరిపోతుంది.

రక్తపరీక్ష ఏ రోజు

దీన్ని అన్నిటికన్నా ఎక్కువమంది వదిలేస్తారు. స్టెంట్ వేశాక మూడో రోజుకి, ఒకోసారి అంతకన్నా ముందే, ఇంటికి పంపేస్తారు. క్రియాటినిన్ బాగా పెరిగేది సరిగ్గా అప్పుడే. డిశ్చార్జి రోజు రిపోర్టు మామూలుగా ఉన్నా, కథ అయిపోయినట్టు కాదు.

చేరిన రోజు ఒకటి, 48 నుంచి 72 గంటల మధ్య ఒకటి, ఇంటికి వెళ్లాక వారం పది రోజులకి ఇంకొకటి. ఈ మూడు క్రియాటినిన్ అంకెలు మీ దగ్గర ఉండాలి. 48 గంటల్లో 0.3 పెరిగినా, వారంలో మొదటిదానికి ఒకటిన్నర రెట్లు అయినా కిడ్నీకి దెబ్బ తగిలినట్టే లెక్క. 1.0 నుంచి 1.3 అయితే "ఇంకా మామూలు లోపలే ఉంది" అని ల్యాబ్ కాగితం చెప్తుంది. మీరు మాత్రం డాక్టరుకి చూపించండి. మూడో పరీక్షకి విశాఖ రానక్కర్లేదు, దగ్గరి ఊళ్లో చేయించి ఫోటో పంపినా పని జరుగుతుంది. అదే రక్తంతో పొటాషియం కూడా చూడమనండి.

ఇంటికి వెళ్లాక

మెట్‌ఫార్మిన్ ఉన్న షుగరు మాత్ర కిడ్నీని పాడుచేయదు. కిడ్నీ మందగించినప్పుడు ఆ మందు ఒంట్లో నిలిచిపోయి రక్తంలో యాసిడ్ పెరిగే ప్రమాదం ఉంది, అందుకే డై తర్వాత సాధారణంగా రెండు రోజులు ఆపుతారు. ఆ ఆపడం శాశ్వతం కాదు. క్రియాటినిన్ చూశాక డాక్టరు చెప్తే మళ్లీ మొదలుపెట్టాలి. ఆపినన్నాళ్లూ షుగరుకి వేరే ఏర్పాటు ఉందో లేదో అడగండి. ఆపేసి మర్చిపోయి, నెల తర్వాత 400 షుగరుతో వచ్చినవాళ్లు ఉన్నారు.

గుండె కోసం కొత్తగా రాసే రామిప్రిల్ లాంటి మందులతో క్రియాటినిన్ కొంచెం పెరగడం మామూలే. మూడో వంతు దాకా పెరిగితే చాలాసార్లు మందు కొనసాగిస్తారు. రిపోర్టు చూసి మీ అంతట మీరు ఆపకండి, అడగండి. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఏమీ తినలేకపోతే ఆ రోజే ఫోన్ చేయండి, అప్పుడు కొన్ని మందులు తాత్కాలికంగా ఆపాలి.

నొప్పి మాత్రలు పూర్తిగా బంద్. మోకాళ్లకీ నడుముకీ పారాసిటమాల్ చెప్పిన మోతాదులో వేసుకోవచ్చు. ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది: "నొప్పి మాత్రలు వద్దన్నారు" అని ఎకోస్ప్రిన్ కూడా మానేస్తారు. ఎకోస్ప్రిన్ 75, దాని జోడుగా ఇచ్చే క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్, స్టెంట్ మూసుకుపోకుండా కాపాడే మందులు. ఒక్క పూట కూడా మానకూడదు.

చూడడానికి వచ్చే చుట్టాలు కొబ్బరి బొండాలు తెస్తారు. మా ప్రాంతంలో అది ప్రేమకి గుర్తు, వద్దనడం కష్టం. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ మందగించి ఉండి, రామిప్రిల్‌తోపాటు స్పైరోనోలాక్టోన్ లాంటి మాత్ర కూడా వాడుతుంటే, పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూ వచ్చు. పొటాషియం రిపోర్టు చూసి డాక్టరు సరే అనేదాకా బొండాలు మిగతావాళ్లు తాగండి. "బీపీకి మంచిది" అని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో కూడా పొటాషియమే ఉంటుంది, అదీ వద్దు. కిడ్నీలు కడిగేస్తుందని కొండపిండి ఆకు కషాయం, పేరు తెలియని నాటు పొడులు ఇస్తారు. వాటిలో ఏముందో మాకు తెలియదు, మిగతా మందులతో ఎలా కలుస్తుందో తెలియదు. ఈ నెలల్లో వాటి జోలికి పోవద్దు.

నీళ్లు ఎంత తాగాలన్నది మనిషిని బట్టి. పంపింగ్ బాగున్న మనిషికి దాహానికి సరిపడా, ఎండలో పనిచేస్తే ఇంకాస్త. పంపింగ్ తగ్గిన మనిషికి డాక్టరు రోజుకి ఇంత అని కొలత చెప్తాడు. డిశ్చార్జి రోజున ఆ కొలత అడిగి కాగితం మీద రాయించుకోండి. రోజూ పొద్దున్న బరువు చూసుకోండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, కాళ్లు వాచినా, మూత్రం బాగా తగ్గినా, ఆగకుండా వాంతులవుతున్నా, మత్తుగా పొంతన లేకుండా మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకురండి.

ముందే డయాలసిస్‌లో ఉన్నవాళ్లకి

డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లకి గుండెపోటు వస్తే "ఇంక ఏం చేస్తారులే" అని ఇంట్లోనే ఉంచేస్తున్నారు. అది నన్ను చాలా బాధపెడుతుంది. వాళ్లకీ రక్తనాళం తెరవొచ్చు, తెరిచాం. ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన ఏర్పాటు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, సూది గుచ్చకూడదు, స్టెంట్ కోసం ఆ చేతి నాళం వాడకూడదు. రోగి స్పృహలో లేకపోతే ఆ సంగతి చెప్పేది మీరే. ఆ చేతికి ఒక గుడ్డ పట్టీ కట్టి, పెన్నుతో "ఫిస్టులా" అని రాయండి. ఇంకా డయాలసిస్ మొదలుకాకపోయినా క్రియాటినిన్ నాలుగైదు దాటినవాళ్లు, ముందుముందు ఫిస్టులా ఏ చేతికి పెట్టాలనుకుంటున్నారో చెప్పి, ఆ చేతి నరాలు చెడకుండా చూసుకోండి. ఆఖరి డయాలసిస్ ఏ రోజు అయింది, రోజుకి ఇంకా కొంతైనా మూత్రం వస్తోందా అన్నవి కూడా చెప్పండి. వస్తున్న ఆ కొద్దిపాటి మూత్రం కూడా విలువైనదే, దాన్ని కాపాడడానికీ డై తక్కువగానే వాడాలి. డై ఎక్కింది కదా అని అదే రాత్రి అదనంగా డయాలసిస్ పట్టుబట్టక్కర్లేదు, ఊపిరి ఆడకపోతేనో పొటాషియం పెరిగితేనో తప్ప. మామూలుగా చేయించుకునే రోజు మాత్రం తప్పకూడదు, కాబట్టి మీ డయాలసిస్ సెంటరుకి ఫోన్ చేసి, మనిషి ఎక్కడున్నాడో, తర్వాతి వంతు ఏ ఆసుపత్రిలో జరుగుతుందో స్టెంట్ వేసిన రోజే మాట్లాడుకోండి.